కౌంటర్ మెషీన్‌కి ఏది పెట్టాలి

3, సోమవారం

ఈ డైరీ అద్దాల కంపెనీ వాళ్ళు కొత్త సంవత్సరానికి ఇచ్చింది. ఇన్నాళ్ళూ టీ కప్పు కింద పెట్టుకున్నాను. ఇవాళ రాయడానికి తీశాను. కౌంటర్ మీది మెషీన్, అదే బిల్లులు తీసే కంప్యూటర్, చచ్చింది కాబట్టి కాగితమే గతి.

పొద్దున షాపు తెరిచి బటన్ నొక్కితే నల్ల తెర వచ్చింది. మూలన ఒక తెల్ల గీత మిణుకు మిణుకుమంటోంది. అంతే. ఇంకేమీ లేదు. శనివారం షాపు కట్టేముందు అప్‌డేట్ చెయ్యనా అని అడిగితే చెయ్యమన్నాను. మా ఆయన దాన్ని నడపడానికి పెట్టి వెళ్ళిన లినక్స్ సిస్టమ్‌కి అదే జబ్బు. కొత్తది వచ్చింది వేసుకో, కొత్తది వచ్చింది వేసుకో అని వారం వారం ప్రాణం తీస్తుంది. ఆయన ఉండగా ఏదైనా తెగితే ఆయనే అతికించేవారు. ఇప్పుడు తెగింది. అతికించే మనిషి రాత్రంతా రైల్లో కూర్చుంటే గానీ చేరలేని ఊళ్ళో ఉన్నారు.

కళ్ళజోళ్ళ షాపులో బిల్లు చేత్తో రాసి ఎన్నేళ్ళయిందో. ఇవాళ రాస్తుంటే నా అక్షరాలు నాకే గుర్తురాలేదు.

ఎలాగూ పెన్ను పట్టాను కనక నిన్నటిది కూడా రాసేస్తాను. నిన్న ఆదివారం, ఫోన్ రోజు. ఆయన ఆరు నెలలకని వెళ్ళిన పని ఈ నెలతో అయిపోతుంది. అద్దాలు తయారుచేసే ఫ్యాక్టరీలో కంప్యూటర్లన్నీ ఈయనే చూస్తున్నారు కదా, వాళ్ళు వదలడం లేదట. ఇంకో రెండేళ్ళు ఉండమంటున్నారు. ఒకసారి సంతకం పెడితే మధ్యలో మానడానికి లేదు. ఇరవై ఎనిమిదిలోగా అవునో కాదో చెప్పాలట.

"ఏం చెప్పమంటావ్?" అన్నారు.

"మీ ఇష్టం," అన్నాను.

ఉద్యోగం ఆయనది. ఇష్టమూ ఆయనదే. న్యాయంగానే మాట్లాడాను.

4, మంగళవారం

రిపేరు అతను వచ్చాడు. చెవి మీద ఎప్పుడూ స్క్రూడ్రైవర్ పెట్టుకుని తిరుగుతాడని వీధి మొత్తం అతన్ని స్క్రూడ్రైవరనే పిలుస్తుంది. పిలిస్తే పలుకుతాడు కూడా.

"రికార్డులు భద్రంగా ఉన్నాయి మేడమ్. సార్ రోజూ పక్క డిస్క్‌లో కాపీ పడేలా పెట్టారు. కస్టమర్ల పవర్లు, బిల్లులు, ఒక్కటి కూడా పోలేదు. సిస్టమ్ మటుకు పోయింది. చెరిపేసి ఇంకోటి వేసుకోవాలి."

"ఇంకోటంటే?"

"లినక్సే మేడమ్. ఏ డిస్ట్రో కావాలో మీరు చెప్పాలి."

డిస్ట్రో అంటే రకం అన్నమాట. లినక్స్ అంటే ఒకటే అనుకునేదాన్ని. కాదట. మా గోడకి వేలాడే ఫ్రేముల్లాగే బోలెడు రకాలట. ఇంట్లోకొకటి, ఆఫీసుకొకటి, పాత మెషీన్లకొకటి, సోకులకొకటి.

"వీటిలో ఏది మంచిదయ్యా?"

"ఎవరికి సరిపడేది వాళ్ళకి మంచిది మేడమ్."

ఇది నేను కస్టమర్లకి చెప్పే మాట. నాకే తిప్పి చెప్పాడు, దొంగ.

పెన్‌డ్రైవ్‌ల సంచీ ఒకటి కౌంటర్ మీద పెట్టాడు. ఒక్కో దాంట్లో ఒక్కో రకం ఉందట. "దీని మీంచే నడిపి చూడండి. ట్రయల్ అన్నమాట. మెషీన్‌ని ముట్టుకోదు. నచ్చిందా, ఇన్‌స్టాల్ నొక్కండి. నచ్చలేదా, ఆపేసి పీకెయ్యండి. మీరు చేసిందంతా దాంతోపాటే తుడిచిపెట్టుకు పోతుంది. దాచుకోవాల్సినవేమైనా ఉంటే పక్క డిస్క్‌లో పెట్టుకోండి."

వెళ్తూ వెళ్తూ, "సార్‌ని అడిగితే ఫోన్లోనే చెప్పేస్తారు కదా," అన్నాడు.

నేనే చూసుకుంటానన్నాను. చదువుకున్నదాన్ని, షాపు నడిపేదాన్ని, ఆ మాత్రం చూసుకోలేనా?

5, బుధవారం

సాయంత్రం ఆరయింది. తెర మీద చీటీ రాలేదు.

6, గురువారం

ఇవాళా రాలేదు. మెషీన్ చచ్చాక చీటీ ఎలా వస్తుంది, నా పిచ్చి గానీ.

నాకు టైము తెలియదని ఆయన ఎప్పుడో పెట్టారు దాన్ని. రోజూ ఆరింటికి తెర మూలన చిన్న చీటీ లేచేది. "ఆరయింది. షాపు కట్టెయ్." విసుక్కుని మూసేసేదాన్ని. ఆయన ఊరెళ్ళాక కూడా అది ఆగలేదు. ఆరు నెలలుగా ఇంట్లో లేని మనిషి, రోజుకొక్కసారి ఠంచనుగా నాతో మాట్లాడేవాడు. శనివారం కూడా మాట్లాడాడు. నేను చూడకుండానే మూసేశాను.

7, శుక్రవారం

మొదటి పెన్‌డ్రైవ్ పెట్టాను. దీనికి కొత్తపెళ్ళికొడుకు అని పేరు పెట్టాను. ఏం సోకులు, ఏం సోకులు! కిటికీ మూస్తే ఊగుతూ పోతుంది, తెరిస్తే పొంగుతూ వస్తుంది. బిల్లు తియ్యమంటే మాత్రం ఆపసోపాలు పడుతుంది.

అత్తయ్య మధ్యాహ్నం షాపుకొచ్చి, కస్టమర్లు కూర్చునే కుర్చీ లాక్కుని తెర ముందు చేరారు. ఆవిడకి డిస్ట్రో అంటే తెలిసింది ఒక్కటే.

"ఇందులో పేకాట ఉందా?"

వెతికాను. లేదు.

"అయితే తీసిపారెయ్."

మా ఆయనకీ ఈవిడకీ కంప్యూటర్ విషయంలో పడనిది అక్కడే. ఆయన నెలకోసారి ఇంట్లో లాప్‌టాప్‌కి కొత్త రకం ఎక్కిస్తారు. ఎక్కించినప్పుడల్లా అత్తయ్య పేకాట ఎగిరిపోతుంది. వెళ్ళేముందు వారం కూడా అదే చేశారు. ఆవిడ గొణిగి ఊరుకున్నారు. అరిచింది నేను. "మీరు దేన్నీ కుదురుగా ఉండనివ్వరు. ఈ ఇంట్లో పెట్టింది పెట్టినచోట ఉండదు," అన్నాను. "సరే, కొన్నాళ్ళు కదిపేవాళ్ళు లేకుండా హాయిగా ఉండు," అన్నారు, నవ్వుతూనే. నవ్వుతూనే పెట్టె సర్దుకున్నారు.

ఇప్పుడు ఇంట్లో అన్నీ పెట్టినచోటే ఉన్నాయి. ఆయన చెప్పులతో సహా.

9, ఆదివారం

ఫోన్ వచ్చింది. సగం సేపు అత్తయ్య మాట్లాడారు, మోకాళ్ళ గురించి. తర్వాత నేను.

మెషీన్ సంగతి చెప్పక తప్పలేదు. "ఓ రోజు సెలవు పెట్టి వచ్చి చూడనా?" అన్నారు.

"అక్కర్లేదు. నేనే కొత్తది పెట్టుకుంటున్నాను."

"నువ్వా!" అని ఒక నవ్వు. "ఏవేవి చూశావు?"

చెప్పాను. ఇంకా ఏవున్నాయో సంచీలోంచి ఒక్కోటీ తీసి పేర్లు చదివాను. చాలా హుషారొచ్చేసింది ఆయనకి. అది తేలిక, ఇది భద్రం, ఇంకోదానికి ప్రింటర్లతో పడదు, ఒకటే ధోరణి. ఒక పేరు చదవగానే పకపకా నవ్వారు. "అది తాతగారే! ఐదేళ్ళయినా దాని మొహంలో మార్పుండదు. ఉన్నచోటే కూర్చుని దగ్గుతూ ఉంటుంది. అది పెట్టావంటే నేను నీతో మాట్లాడను."

చాలాసేపు అలా మాట్లాడుకున్నాం. ఎన్నాళ్ళయిందో. రెండేళ్ళ సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. పెట్టేశాక ఫోన్ చెవికి ఆనించుకునే ఉన్నానట. "వాడు పెట్టేశాడే అమ్మాయ్," అన్నారు అత్తయ్య.

10, సోమవారం

కొత్తపెళ్ళికొడుకు వద్దు. బరువు ఎక్కువ. అదీ కారణం.

12, బుధవారం

ఒక స్కూలు టీచరు వచ్చింది, కళ్ళు చూపించుకోవడానికి. ట్రయల్ ఫ్రేము పెట్టి, అద్దం మార్చి మార్చి అడుగుతున్నాను. "ఇది బావుందా, ఇందాకటిదా?" ఆవిడ ఆలోచిస్తోంది. మళ్ళీ మార్చమంటుంది, మళ్ళీ ఆలోచిస్తుంది. "రెండూ బానే ఉన్నాయండీ" అంటుంది. "ఏదీ బాలేదండీ" అంటుంది.

నేనెప్పుడూ చెప్పేదే చెప్పాను. "ఆలోచించకండి. ఎంత ఆలోచిస్తే కళ్ళు అంత అబద్ధం చెప్తాయి. చూడగానే నోటికేదొస్తే అది చెప్పండి."

"మొదటిదే," అంది వెంటనే. అదే సరైనది. ఇరవై మందిలో పద్దెనిమిది మందికి అంతే.

ఆవిడ వెళ్ళిపోయాక ట్రయల్ ఫ్రేము చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.

13, గురువారం

రాశాను.

ఎలా జరిగిందో రాసుకుంటాను, రేపటికి ధైర్యం పోతే చదువుకోవచ్చు.

ఇవాళ పెట్టింది ఉడుత. చిన్నది, చురుకైనది, మా ముసలి మెషీన్ మీద కూడా గంతులేస్తుంది. అన్నీ బావున్నాయి గానీ గాల్లో వచ్చే నెట్ దానికి అందదు. ఫోన్‌ని తీగతో తగిలిస్తే అందుకుంది. మెయిల్ తెరుచుకుంది, బిల్లులు వచ్చాయి, అద్దాల ఆర్డర్లు పంపాను. మధ్యాహ్నం మందుల షాపావిడ కబుర్లకి ఫోన్ చేస్తే తీగ పీకేసి మాట్లాడాను.

తర్వాత వాన పట్టుకుంది. ఎదురుగా బస్టాపులో గొడుగు కింద ఇద్దరు నిలబడ్డారు. ఒకటే గొడుగు. అతని వైపు భుజం తడిసిపోతోంది, గొడుగు మాత్రం ఆవిడ వైపే వంచుతున్నాడు. వాళ్ళ బస్సు వచ్చింది, వెళ్ళిపోయారు. నాకు ఏమైందో తెలీదు. ఆలోచించకుండా మెయిల్ తెరిచి ఆయన పేరు కొట్టాను.

"రెండేళ్ళు వద్దు. మీరు లేకపోతే నాకేం బాగాలేదు. వచ్చెయ్యండి."

చదివితే చెరిపేస్తానని చదవకుండా 'పంపు' నొక్కేశాను. నెట్ లేదు, ఔట్‌బాక్స్‌లో పెట్టాను, వచ్చాక పంపుతానని ఏదో అంది. సరే అన్నాను. పెళ్ళయి ఇన్నేళ్ళయ్యాక మొగుడికి ఇలాంటిది రాస్తానని ఎవరైనా అనుకుంటారా!

ఫోన్లో మెసేజ్ పెట్టొచ్చు కదా అంటే, పెట్టిన నిమిషానికి నీలం టిక్కులొస్తాయి. ఆ టిక్కుల వంక చూస్తూ కూర్చునే ఓపిక నాకు లేదు. నోటితో చెప్పొచ్చు కదా అంటే, ఆయన గొంతు వినగానే నా నోటికి ఒకే మాట వస్తుంది. అదేమిటో మూడో తేదీన రాశాను.

ఆ తర్వాత ఉడుతని పద్ధతిగా షట్‌డౌన్ చేసి, పెన్‌డ్రైవ్ తీసి సంచీలో పెట్టి, షాపు కట్టి, తడుస్తూ ఇంటికొచ్చాను. గుండెల మీంచి బండ దిగింది.

14, శుక్రవారం

ఇంకా చదివుండరు.

15, శనివారం

చదివే ఉంటారు. ఆలోచిస్తున్నారు కాబోలు. ఆలోచించనీ. రేపు ఫోన్ రోజు. ఆయన చెప్పులు తుడిచి ఎండలో పెట్టాను. బూజు పట్టాయి, అందుకని.

16, ఆదివారం

ఇది మాటకి మాట రాసుకోవాలి.

అమ్మ మోకాళ్ళు ఎలా ఉన్నాయన్నారు. ఇప్పుడేది నడుస్తోందన్నారు. దాని పేరు చెప్పి, నేను ఉడుత అంటున్నానన్నాను. నెట్ అందదన్నాను. "దానికి వేరే డ్రైవర్ వెయ్యాలి, నేను చెప్తాలే," అన్నారు. నేను ఫోన్ చెవికి అదిమి పెట్టుకుని కూర్చున్నాను. ఇప్పుడంటారు, ఇప్పుడంటారు అని.

చివరికి, "ఇరవై ఎనిమిది దగ్గరికొస్తోంది. నువ్వేం చెప్పలేదు," అన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. చెప్పలేదా! ఇంకెలా చెప్పాలి, దండోరా వేయించాలా? అక్షరం అక్షరం రాస్తే, అది చదివి, నా నోటితో మళ్ళీ అనిపించుకుని ముచ్చట పడాలని ఉందన్నమాట.

"చెప్పాల్సింది చెప్పేశాను," అన్నాను.



"అంతేనా?"

"అంతే."

"మార్పేం లేదు?"

"నాకు మాట మార్చే అలవాటు లేదు."

"సరే అయితే," అన్నారు. చాలా నెమ్మదిగా అన్నారు. పెట్టేశారు.

17, సోమవారం

ఆయనకి ఉండిపోవాలనే ఉంది. నన్నడగడం మర్యాద కోసం. సరే. తెలిసింది కదా.

18, మంగళవారం

సరే.

19, బుధవారం

ఉడుత వద్దు. నెట్ అందదని. వేరే కారణమేమీ లేదు.

20, గురువారం

ఇంకోటి పెట్టాను. దీని పేరు పెద్దమనిషి. ఆఫీసుల కోసం చేసినదట. ప్రతిదానికీ పాస్‌వర్డు అడుగుతుంది. గడియారం సరిచేసుకోవాలన్నా నువ్వెవరివి అంటుంది. బిల్లులు బాగానే తీసింది. ప్రింటర్‌ని ఇట్టే పట్టేసింది. స్క్రూడ్రైవర్ వచ్చి చూసి, "ఇంక నొక్కెయ్యండి మేడమ్ ఇన్‌స్టాల్. ఎన్నాళ్ళని ట్రయల్ మీద నడుపుతారు? పెన్‌డ్రైవ్‌లు అరిగిపోతున్నాయి," అన్నాడు.

నొక్కాను. అడిగినవన్నీ చెప్పుకుంటూ వెళ్ళాను. చివర్న ఒక కిటికీ వచ్చింది. ఈ డిస్క్ మొత్తం చెరిపేస్తాను, ఇందులో ఉన్నదేదీ తిరిగి రాదు, చెరపనా?

వెనక్కి నొక్కేశాను.

"ఏమైంది మేడమ్?"

"పేకాట లేదయ్యా దీంట్లో. అత్తయ్య ఊరుకోరు."

అతను నా వంక చూసి, స్క్రూడ్రైవర్ చెవి మీద సర్దుకుని వెళ్ళిపోయాడు. పేకాట ఉంది. పొద్దున్నే చూశాను.

రికార్డులు పక్క డిస్క్‌లో భద్రంగా ఉన్నాయి. ఇందులో చెరిగిపోయేది ఏముంది? నల్ల తెర, దాని వెనకాల ఎక్కడో ఆరింటికి లేచే చీటీ. అంతే కదా. అంతే.

22, శనివారం

అత్తయ్య పప్పులో రాళ్ళేరుతూ, "వాడేమంటున్నాడు?" అన్నారు.

"ఏమంటారు, ఆయనిష్టం."

"నీ ఇష్టమేంటి?"

"చెప్పాను అత్తయ్యా. ఉలుకూ లేదు పలుకూ లేదు."

ఆవిడ చేతిలో రాయి తీసి పక్కన పెట్టారు. "నా కొడుకు ఒట్టి వాగుడుకాయ. పలక్కుండా ఉండే రకం కాదే వాడు," అన్నారు.

23, ఆదివారం

రెండు నిమిషాలు మాట్లాడారు. రేపు సంతకం పెట్టేస్తానన్నారు. శుభం అన్నాను.

24, సోమవారం

మెసేజ్ వచ్చింది. "అయిపోయింది." నీలం టిక్కులు ఆయనకి కనపడే ఉంటాయి.

25, మంగళవారం

(ఏమీ లేదు.)

26, బుధవారం

దేవుడా.

ఇవాళ తాతగారిని పెట్టాను. సంచీలో అదొక్కటే మిగిలింది. నెమ్మదిగా లేచింది, గోచీ బిగించుకున్న మనిషిలా. సోకుల్లేవు. ప్రింటర్ పలికింది, గాల్లో నెట్ దానంతటదే అందుకుంది, పేకాట ఉంది. మెయిల్ తెరిచాను.

తెరిచాక బుద్ధి పక్కదారి పట్టింది. ఆ రోజు రాసింది ఇంకోసారి చదువుకుని, ఇలాంటి మాట రాస్తే కూడా పలకని మనిషిని తీరిగ్గా తిట్టుకుందామనుకున్నాను. పంపినవాటిలో చూశాను. పదమూడో తేదీ పొద్దున్న పంపిన అద్దాల ఆర్డర్లున్నాయి. దాని తర్వాత పద్నాలుగు. నా మెయిల్ లేదు.

పైకీ కిందకీ వెతికాను. చిత్తుల్లో చూశాను. చెత్తబుట్టలో చూశాను. అప్పుడు గుర్తొచ్చింది. ఔట్‌బాక్స్‌లో పెట్టాను, నెట్ వచ్చాక పంపుతాను.

నెట్ ఎప్పుడొచ్చింది దానికి? నేను ఫోన్ తీగ మళ్ళీ తగిలించలేదు. మాట అక్కడే, మెషీన్ లోపలే కూర్చుంది, బస్సు కోసం కూర్చున్నట్టు. నేనేమో పద్ధతిగా షట్‌డౌన్ చేసి, పెన్‌డ్రైవ్ పీకి, గుండెల మీంచి బండ దిగిందని రాసుకున్నాను. చేసిందంతా తుడిచిపెట్టుకు పోతుందని స్క్రూడ్రైవర్ చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. బిల్లులు పక్క డిస్క్‌లో పెట్టాను. ఆర్డర్లు పక్క డిస్క్‌లో పెట్టాను. ఆ ఒక్క మాటా గాలికి వదిలేశాను.

ఆయనకి చేరనే లేదు. ఆయన మౌనంగా లేరు. ఎదురుచూస్తున్నారు. "నువ్వేం చెప్పలేదు" అన్నది నిజం. "చెప్పాల్సింది చెప్పేశాను" అన్నాను నేను. ఆయన చెవిన పడిన మాట ఒక్కటే ఉంది. మీ ఇష్టం. అదే మళ్ళీ చెప్పాననుకున్నారు. మార్పేం లేదా అని కూడా అడిగారు, మహానుభావుడు.

 అప్పుడే షాపుకొచ్చిన అత్తయ్యకి చెప్పాను, చెప్పకపోతే పగిలిపోతానని. ఆవిడకి ఔట్‌బాక్సూ అదీ ఏం అర్థమైందో గానీ, అంతా విని, "మెయిలు పోతే పోయింది. నీ నోరేమైందే?" అన్నారు.

ఫోన్ తీశాను. ఫ్యాక్టరీ టైము, చేస్తే తిడతారని తెలుసు. చేశాను. వెనకాల మెషీన్ల హోరు.

"ఏంటి ఈ టైములో? అమ్మ బావుందా?"

"బావున్నారు. మీకో మాట చెప్పాలి."

"చెప్పు."

ఆలోచించకూడదు. ఎంత ఆలోచిస్తే అంత అబద్ధం.

"వచ్చెయ్యండి," అన్నాను.

హోరు మాత్రం వినపడుతోంది. ఎక్కడికో నడుస్తున్నట్టున్నారు. తలుపు మూసిన చప్పుడు, హోరు ఆగింది.

"ఏమన్నావ్?"

"పదమూడో తారీఖునే రాశాను. రెండేళ్ళు వద్దు, వచ్చెయ్యండని మెయిల్ రాశాను. నెట్ లేదు. ఔట్‌బాక్స్‌లో ఉండిపోయింది. ఉడుత మీద రాశాను. రాసి ఆపేశాను."

"పెన్‌డ్రైవ్ మీద నడుపుతూ రాశావా?"

"అవును."

"పంపకుండా షట్‌డౌన్ చేశావా?"

"పద్ధతిగానే చేశాను."

నవ్వడం మొదలుపెట్టారు. పొట్ట పట్టుకుని నవ్వే నవ్వు. నాకూ ఏడుపులో నవ్వొచ్చింది. ఎంతసేపటికీ ఆగదే. తర్వాత తెలిసింది, అది నవ్వు కాదు. మా పెళ్ళయ్యాక ఆయన ఏడవడం నేను వినడం ఇదే మొదలు.

"సంతకం పెట్టేశానే," అన్నారు. "నువ్వు వద్దంటావేమోనని ఆఖరిదాకా చూశాను. ఇంక వదలరు వీళ్ళు."

"తెలుసు."

"మరి ఇప్పుడెందుకు చెప్పావు?"

"చెప్పకపోతే మీకు తెలీదు కదా!"

"ఇంకోసారి అను," అన్నారు.

"ఏంటి?"

"ఆ మాటే."

అన్నాను. షాపులో ఇద్దరు కస్టమర్లున్నారు. తలలు తిప్పి ఫ్రేములు చూస్తున్నట్టు నటించారు, పాపం.

28, శుక్రవారం

తాతగారిని ఇన్‌స్టాల్ చేశాను.

డిస్క్ మొత్తం చెరిపేస్తాను, తిరిగి రాదు, చెరపనా అంది. కాసేపు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. నొక్కాను. నీలం గీత ఒకటి ఎడమ నుంచి కుడికి మెల్లిగా పాకింది. అది చివరిదాకా పాకేవరకూ కన్ను తిప్పలేదు. కొంచెం ఏడ్చాను కూడా. చీటీ కోసం ఏడ్చేదాన్ని లోకంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

నీ పేరేంటి అంది, చెప్పాను. మెషీన్ పేరేంటి అంది, కౌంటర్ అన్నాను. అంతా అయ్యాక నేనే లోపలికి వెళ్ళి ఇంకో మనిషిని చేర్చాను. ఆయన పేరు కొట్టాను. పాస్‌వర్డు దగ్గర, 'మొదటిసారి వచ్చినప్పుడు తనే పెట్టుకుంటారు' అని ఒకటుంది. అది ఎంచుకున్నాను.

ఇప్పుడు మెషీన్ లేవగానే తెర మీద రెండు పేర్లు పక్కపక్కన ఉంటాయి. నాది నొక్కి లోపలికి వెళ్తాను. ఆయనది అలాగే ఉంటుంది.

30, ఆదివారం

ఫ్యాక్టరీ వాళ్ళతో మాట్లాడారట. రెండేళ్ళలో ఒక్క రోజు కూడా తగ్గించరట. నెలకోసారి రెండు రోజులు ఇంటికి రానిస్తారట. అది కూడా ఈయన బతిమాలితే. "నేనేంటి, బతిమాలడమేంటి! నీ మూలంగా అన్నీ నేర్చుకుంటున్నాను," అన్నారు.

ఆరింటి చీటీ ఎలా పెట్టాలో అడిగాను. రేపు షాపులో పెట్టడానికి, చెప్తూ ఉంటే కాగితం మీద రాసుకున్నాను. చీటీలో ఏం రాస్తావు అన్నారు. పాతదే అన్నాను. పాతది గుర్తులేదన్నారు. నాకు గుర్తుంది.

"ఇంతకీ ఏది పెట్టావు?"

"మీరు మాట్లాడనన్నదే."

"తాతగారినా! అయ్యో రామా. ఊళ్ళో ఇన్నుండగా పోయి పోయి దాన్ని పెట్టావా? దానికి కొత్తదేదీ రాదే, ఐదేళ్ళూ ఆ మొహమే చూడాలి."

"అందుకే పెట్టాను. మీరు వచ్చేసరికి అన్నీ పెట్టినచోట ఉండాలి. ఎక్కడేముందో వెతుక్కోకూడదు."



"నేనొచ్చేది రెండేళ్ళకే కదా," అన్నారు. "మిగతా మూడేళ్ళేం చేస్తావు?"

"మీరు మార్చేద్దామంటారు, నేను వద్దంటాను. పోట్లాడుకుందాం."

గట్టిగా నవ్వారు. ఈసారి అది నవ్వే. అత్తయ్య ఎదురుగా కూర్చుని పేకాట ఆడుకుంటున్నారు, లాప్‌టాప్‌కి కూడా తాతగారే వచ్చారు కదా. ఫోన్ పెట్టేసే ముందు ఆయన, "ఏదీ, ఆ మాట," అన్నారు.

అత్తయ్య ఆట ఆపి నా వంకే చూస్తున్నారు. అయినా అన్నాను.